అందాజ

రఫత్ ఆపా రిటైరైన దినం
మింట్ కాంపౌండ్ ఆఫీసుల
శాలువా మడతవెట్టుకుంట చెప్పింది
జౌజీ హల్వా ఎట్ల చెయ్యాల్నో.
కాగితం దొరకక
ఎవరిదో కట్టని కరెంటు బిల్లు వెనుక రాసుకున్న.
గోధుమలు కిలో.
పాలు అందాజ.
చక్కెర అందాజ.
జాజికాయ, ఇగ నీకే తెలుస్తది.
"అందాజ అంటె ఎన్ని గ్రాములు ఆపా?"
కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది,
జవాబు మాత్రం చెప్పలే.

గురువారం రాత్రి గోధుమలు నానవోసిన.
శుక్రవారం తడిబట్టల మూటగట్టి
వంటింటి తలుపు గొళ్లానికి ఏలాడదీసిన.
వచ్చేటోళ్లు పోయేటోళ్లు తలకు తగిలించుకుంటనే ఉన్నరు.
రాత్రి రెండుసార్లు లేసి నీళ్లు చల్లిన,
చంటిపిల్లకు గుడ్డలు మార్చినట్టు.
తెల్లారి మూట విప్పితె
సన్నటి తెల్లటి ముక్కులు,
ఒక్కొక్క గింజ ఏదో అడగబోయి ఆగినట్టు.
నిజం చెప్పాలె, ఆ నిమిషం బాగున్నది.
అక్కడ్నే ఆపేస్తె అయిపోవు.

విద్యానగర్ల మా బిల్డింగు మీద
పాతచీర పరిచి ఆరవోసిన.
పావురాలకు కబురు ఎవరు మోసిండ్రో,
రాంనగర్ పావురాలు గూడ వచ్చినయి.
చీపురు పట్టుకొని నీళ్లట్యాంకు నీడకు
పూటంత కావలి ఉన్న.
నాల్గో అంతస్తు వైదేహి బట్టలారేయనీకె వచ్చి
"ఏందక్కా, వడియాలా?" అన్నది.
"కాదు, హల్వా."
పావురాల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది,
క్లిప్పుల డబ్బా మర్సిపోయి దిగిపోయింది.

మిక్సీ జారు ఒకటి పోయింది.
ఆ లెక్క రాయను.

ఆదివారం తొమ్మిదింటికి పొయ్యి ముట్టించిన.
కలుపు, ఆపకు, అడుగంటుతది, అన్నది ఆపా.
పదకొండింటికి పాలు విరిగినయి.
విరగాల్నా వద్దా, బిల్లు మీద రాసి లేదు.
పన్నెండున్నరకు గోడసున్నం రంగు.
కుడిచెయ్యి అయిపోయింది, ఎడమచెయ్యి అయిపోయింది.
రాజలింగం వచ్చి రెండు తిప్పులు తిప్పి
ఫోనొచ్చిందని పోయిండు. ఫోను మోగలే.
ఒకటిన్నరకు గ్యాసు ఒడిసింది.
కిందింటి ఫ్రాన్సిస్ సారు దగ్గర సిలిండరు బదులు తెచ్చి
మల్ల కలుపుడు.
నాలుగింటికి గరిటె నిలబడ్డది.
నేను ఇడిసిపెట్టినా నిలబడ్డది.

మాడిన చపాతికి అత్తరు పూసినట్టు వాసన.
మౌక్తిక ఒక్క ముక్క నోట్ల వేసుకొని
చానసేపు ఏం మాట్లాడలే,
పండ్లు ఇడివడలే.
రాజలింగం "మంచిగనే ఉన్నది" అన్నడు,
రెండో ముక్క ముట్టలే.
పిట్టగోడ మీద పెట్టిన.
మొన్న దొంగతనానికి వచ్చిన పావురాలు
ఇయ్యాల పిలిస్తె రాలే.

రాత్రి ఆపాకు ఫోన్ చేసిన.
అంత ఇన్నది. నవ్వింది, దగ్గొచ్చేదాంక.
"అరే పాగల్, నేను ఒక్కసారే చేసిన, షాదీ అయిన కొత్తల.
మా సాస్ గిన్నెతో సహా పారేయించింది.
అప్పటిసంది నాంపల్లిదే."
"మరి ప్రతి ఈదుకు ఆఫీసుకు తెచ్చిన డబ్బా?"
"డబ్బా నాదే కదా."

తెల్లారి వాచ్‌మన్ ఎల్లేశు గంట కొట్టిండు.
"మేడమ్, నిన్న ఇచ్చింది ట్యాంకు పైపుకు వెట్టిన,
కారుడు బందైంది.
ఇంక జర ఉంటె ఇయ్యిండ్రి."
ఇచ్చిన.

గిన్నె సింకుల నానుతనే ఉన్నది.
సాయంత్రం ఆఫీసు నుంచి వస్త వస్త
నాంపల్లిల దిగిన. అర్ధకిలో.
దుకాణపాయన ఎవరితోనో మాట్లాడుకుంట,
కాటా దిక్కు చూడకుంటనే
చెంచతోని ఒక్క తోడు తోడి పెట్టిండు.
ముల్లు సరిగ్గ అర్ధకిలో మీద ఆగింది.
కొద్దిసేపు ఆయన చేతినే చూసుకుంట నిలబడ్డ.
"ఔర్ కుచ్?" అన్నడు.

ఇంటికొచ్చి స్టీలు డబ్బాల సర్దిన.
పెండ్లిల వచ్చిన డబ్బా,
మూత మీద నా పేరు చెక్కి ఉన్నది.
రేపు సెక్షన్ల అడుగుతరు,
ఎన్ని దినాలు పట్టిందని.
మూడు దినాలంట.
అబద్ధమేం గాదు.